ఊరి పేరు మనది, నేల కాగితం ఎవరిది? – ఈటన్‌విల్ చరిత్ర



గత భాగంలో 1942 నాగపూర్ మహాసభ గురించి రాశాను. ఆ ఏడాది జూలైలో అంబేడ్కర్ మాట్లాడిన ఆ సభ, కుల హిందువుల ఊళ్లకు దూరంగా దళితులకు వేరే గ్రామాలు కావాలని తీర్మానించింది. అది చదివాక మా విద్యార్థులు చాలామంది ఒకటే ప్రశ్న వేశారు. "వెలివాడ వదిలి మన ఊరు మనమే కట్టుకుంటే సమస్య తీరిపోతుందా సార్? లేక అది ఇంకో పెద్ద వెలివాడ అవుతుందా?"

మంచి ప్రశ్న. దీన్ని గాలిలో వాదించుకుంటూ కూర్చోవచ్చు. కానీ నిజంగానే అలా ఊరు కట్టుకుని, దాన్ని 130 ఏళ్లకు పైగా నిలబెట్టుకున్న మనుషులు ఉన్నప్పుడు ముందు వాళ్లకేమైందో తెలుసుకోవడం మేలు. అందుకే ఈ భాగం అమెరికాలోని ఒక చిన్న ఊరి గురించి. పేరు ఈటన్‌విల్. ఫ్లోరిడా రాష్ట్రం, ఆరెంజ్ కౌంటీ. ఓర్లాండో నగరానికి ఉత్తరాన ఆరు మైళ్లు. ఇవాళ చూస్తే నగర శివారులో కలిసిపోయిన చిన్న మున్సిపాలిటీ. 2020 జనగణన ప్రకారం జనాభా 2,349. మన లెక్కలో ఒక మోస్తరు పంచాయతీ.

ఈ ఊరు పుట్టిన రోజు మీకు గుర్తుండిపోతుంది. 1887 ఆగస్టు 15. ఆ రోజు 27 మంది నల్లజాతి మగవాళ్లు సమావేశమై, ఓటు వేసి, తమ వాడను చట్టబద్ధమైన పట్టణంగా ప్రకటించుకున్నారు. మేయర్ నల్లవాడు. కౌన్సిల్ సభ్యులు నల్లవాళ్లు. ఊరి పోలీసు అధికారి నల్లవాడు. బానిసత్వం రద్దయి అప్పటికి 22 ఏళ్లే. ఆ 27 మందిలో నడి వయసు దాటిన ఎవరైనా సరే బానిసత్వం ఉన్న దేశంలో పుట్టినవాళ్లే.

ఆ రోజు దాకా ఎలా వచ్చారో చూద్దాం.

అంతర్యుద్ధం ముగిశాక దక్షిణాది రాష్ట్రాల నుంచి నల్లవాళ్లు పని వెతుక్కుంటూ మధ్య ఫ్లోరిడాకు వచ్చారు. అక్కడ ఉత్తరాది నుంచి వచ్చిన తెల్ల ధనవంతులు చెరువుల ఒడ్డున ఇళ్లు కట్టుకుంటున్నారు. నారింజ తోటలు వేస్తున్నారు. మైట్‌లాండ్ అనే ఊరు లేస్తోంది. అడవి కొట్టడానికి, రోడ్లు వేయడానికి, తోటల్లో కాయ కోయడానికి, ఇళ్లలో వంట చేయడానికి, పిల్లల్ని ఆడించడానికి మనుషులు కావాలి. ఆ మనుషులు వీళ్లు. చెరువుల పక్కన గుడిసెలు వేసుకుని బతికారు.

పని దొరికింది. కూలీ దొరికింది. దొరకనిదల్లా భూమి. నల్లవాళ్లు ఒకచోట చేరి ఊరు కట్టుకుంటామంటే నేల అమ్మేవాడు లేడు. జో క్లార్క్ అనే మనిషి ఇందుకోసం ఏళ్ల తరబడి తిరిగాడు. చివరికి ఇద్దరు తెల్లవాళ్లు కలిసొచ్చారు. ఒకరు మైట్‌లాండ్ భూస్వామి జోసయా ఈటన్. ఊరికి పేరు ఆయనదే. రెండోవారు న్యూయార్క్ రాష్ట్రం నుంచి వచ్చిన దాత లూయిస్ లారెన్స్. చర్చికి స్థలం ఇచ్చింది ఈయనే. ఊళ్లోని సెయింట్ లారెన్స్ చర్చి పేరులో ఇప్పటికీ ఉన్నారు. అలా 1880ల మొదట్లో కొనుగోళ్లు మొదలై, పట్టణంగా నమోదయ్యే నాటికి సుమారు 112 ఎకరాలు చేతికొచ్చాయి.

ఇక్కడ ఒక మాట సూటిగా అనుకోవాలి. తెల్లవాళ్లు ఎందుకు అమ్మారు? మంచితనం కొంత ఉండొచ్చు. దానితోపాటు ఒక లెక్క కూడా ఉంది. పనివాళ్లు నడిచి వచ్చేంత దగ్గరలో ఉండాలి, పక్కింట్లో మాత్రం ఉండకూడదు. ఊరికి వాడ ఎందుకు అవసరమో మనకెవరూ చెప్పక్కర్లేదు కదా. ఈటన్‌విల్‌కు పశ్చిమాన, దక్షిణాన ఎవరున్నా, తూర్పున మైట్‌లాండ్ ఉంది. పొద్దున్నే మైట్‌లాండ్‌కు పనికి నడిచి, సాయంత్రం వెనక్కి నడిచేవాళ్లు. అయితే వాళ్లు వెనక్కి వచ్చేది గుడిసెల గుంపుకు కాదు. తమ మేయర్, తమ చట్టం ఉన్న పట్టణానికి. ఈ తేడా ఎంత పెద్దదో తెలియాలంటే అదే ఏడాది పక్క ఊళ్లో ఏం జరిగిందో చూడాలి.

ఈటన్‌విల్ పక్కనే వింటర్ పార్క్. సంపన్నుల ఊరు. దాని పడమటి వైపు, రైలు పట్టాల అవతల, నల్ల కూలీల కోసం వేసిన వాడ పేరు హానిబల్ స్క్వేర్. 1887 అక్టోబరులో వింటర్ పార్క్ కూడా పట్టణంగా నమోదైంది. హానిబల్ స్క్వేర్‌ను కలుపుకునే నమోదైంది. నల్ల ఓటర్లను కూడగట్టిన మనిషి గస్ హెండర్సన్ అనే నల్లజాతి పత్రికా సంపాదకుడు. ఫలితంగా వాల్టర్ సింప్సన్, ఫ్రాంక్ ఇజ్రాయెల్ అనే ఇద్దరు నల్లవాళ్లు కౌన్సిల్‌కు ఎన్నికయ్యారు. తెల్లవాళ్ల ఊళ్లో నల్ల ప్రతినిధులు!

ఎంతకాలం నిలిచింది? ఆరేళ్లు. 1893లో రాష్ట్ర శాసనసభ ద్వారా వింటర్ పార్క్ సరిహద్దు గీతను జరిపించారు. హానిబల్ స్క్వేర్ ఊరి బయటికి పోయింది. ఇళ్లు కూల్చలేదు. ఎవర్నీ కొట్టలేదు. ఒక గీత గీశారు, అంతే. ఓటర్లు ఉన్నచోటే ఉన్నారు, వాళ్ల ఓటు మాత్రం ఊరు దాటిపోయింది. మళ్లీ 1925లో, ఊరి హోదా పెంచుకోవడానికి జనం లెక్క అవసరమైనప్పుడు, ఆ వాడను తిరిగి లోపలికి కలుపుకున్నారు. అవసరమైతే లోపలికి, అడ్డమైతే బయటికి. వార్డుల విభజన, రిజర్వుడు స్థానాల రొటేషన్ మీద పనిచేసే మిత్రులు ఈ 1893 గీతను గుర్తుపెట్టుకోండి.

ఈటన్‌విల్ గీతను అలా జరపలేకపోయారు. ఆ గీత గీసుకున్నది ఆ ఊరివాళ్లే కాబట్టి.

1889లో 'ది ఈటన్‌విల్ స్పీకర్' అనే పత్రిక ఒక ప్రకటన వేసింది. దేశంలోని నల్లవాళ్లందరికీ అది ఆహ్వానం. జాతి సమస్యకు పరిష్కారం కావాలంటే ఇక్కడికొచ్చి ఇల్లు కొనుక్కోండి, మనల్ని మనమే పాలించుకునే పట్నం ఇది అని దాని సారాంశం. సరిగ్గా అదే 1889లో ఫ్లోరిడా రాష్ట్రం పోల్ ట్యాక్స్ తెచ్చింది. అంటే డబ్బు కట్టనిదే ఓటు లేదు. పేద నల్లవాడి ఓటు తీసేయడానికి దక్షిణాది అంతా వాడిన పనిముట్టు అది. రాష్ట్రమంతా తలుపులు మూసుకుపోతున్న ఏడాదిలో ఈ చిన్న ఊరు తన తలుపు తెరిచి రండి అంటోంది. ఆ ప్రకటన వెనక ఉన్న ధైర్యం అర్థం కావాలంటే ఈ రెండిటినీ కలిపి చూడాలి.

ఈ ఊరి గురించి ప్రపంచానికి తెలిసింది ఒక ఆడమనిషి వల్ల. జోరా నీల్ హర్‌స్టన్. నవలా రచయిత్రి, జానపద పరిశోధకురాలు. 1891లో అలబామా రాష్ట్రంలోని నోటసల్గాలో పుట్టింది. పసిపిల్లగా ఉన్నప్పుడే కుటుంబం ఈటన్‌విల్ చేరింది. తండ్రి జాన్ హర్‌స్టన్ వడ్రంగి, బాప్టిస్టు బోధకుడు, తర్వాత ఆ ఊరికి మేయర్ కూడా అయ్యాడు. ఆమె మాత్రం జీవితమంతా ఈటన్‌విల్‌లోనే పుట్టానని చెప్పుకుంది. పరిశోధకులు ఇది తప్పని తేల్చారు. తప్పే. కానీ మనలో ఎంతమంది పుట్టిన ఊరి పేరు గర్వంగా చెప్పుకోగలం? ఊరి పేరు చెప్పగానే "ఊళ్లో ఎక్కడ? ఏ వీధి?" అని వచ్చే రెండో ప్రశ్న మనకు తెలుసు. మా హాస్టల్లో ఆ ప్రశ్న తప్పించుకోవడానికి మండల కేంద్రం పేరు చెప్పేవాళ్లు ఉండేవాళ్లు. ఆ ప్రశ్న భయం లేని ఊరు ఆమెకు దొరికింది. అందుకే పుట్టుకను కూడా అక్కడికే మార్చుకుంది.

తన ఆత్మకథ 1942లో వచ్చింది. నాగపూర్ తీర్మానం కూడా అదే ఏడాది అని గమనించండి. అందులో ఆమె ఒక విషయం నొక్కి చెబుతుంది. తన ఊరు ఏదో తెల్ల ఊరికి వెనకవైపు అతికించిన నల్లవాడ కాదని. అంతకుముందు 1928లో రాసిన ఒక వ్యాసంలో, పదమూడేళ్ల వయసులో చదువుకోసం జాక్సన్‌విల్ నగరానికి వెళ్లేదాకా తాను నల్లదాన్నన్న స్పృహే తనకు లేదని చెప్పింది. అప్పటిదాకా ఆమె జోరా మాత్రమే. మేయర్ గారి ఊరి పిల్ల.

తరగతిలో ఈ విషయం చెప్పిన ప్రతిసారీ గది నిశ్శబ్దం అవుతుంది. ఎందుకంటే మనకు ఆ స్పృహ ఎప్పుడొచ్చిందో మనందరికీ గుర్తు. బడిలో నీళ్ల కుండ దగ్గరో, గుడి మెట్ల దగ్గరో, స్నేహితుడి ఇంటి గడప దగ్గరో. ఒక పిల్ల పదమూడేళ్లు ఆ అవమానం తెలియకుండా పెరిగింది. ఈటన్‌విల్ సాధించినవాటిలో అన్నిటికన్నా పెద్దది నా దృష్టిలో ఇదే. దాన్ని డబ్బుతో కొలవలేం.

ఆమె రచనల్లో పదేపదే కనిపించే చోటు జో క్లార్క్ కొట్టు అరుగు. ఊళ్లో మగవాళ్లంతా సాయంత్రం అక్కడ చేరి అబద్ధాల పోటీలు పెట్టుకుంటారు, కథలు చెబుతారు, ఒకర్నొకరు వెక్కిరించుకుంటారు. 1927లో పరిశోధకురాలిగా తిరిగొచ్చినప్పుడు జోరా ఈ కథలనే సేకరించింది. 1935లో 'మ్యూల్స్ అండ్ మెన్' పుస్తకంగా తెచ్చింది. మన సాహిత్య చరిత్రల్లో రచ్చబండ గురించి ఎంత మురిపెంగా రాస్తారో మీకు తెలుసు. ఆ రచ్చబండ మీద మన తాతలు కూర్చోలేదు. దూరంగా నిలబడి, చేతులు కట్టుకుని, తమ మీద వేసిన తప్పు విన్నారు. జోరా రాసిన అరుగు, అణగారినవాళ్లే కూర్చున్న రచ్చబండ. అక్కడి భాషను ఆమె దిద్దలేదు. వాడ మాటను వాడ మాటగానే అచ్చేసింది. ఇందుకు తన కాలంలో నల్లజాతి రచయితల నుంచే విమర్శ ఎదుర్కొంది. తెల్ల పాఠకులను నవ్వించడానికి రాస్తోందని రిచర్డ్ రైట్ 1937లో నిందించాడు. మన వాడ భాషలో వచ్చిన కథలను "ఇదేం తెలుగు" అన్నవాళ్లు మనకూ ఉన్నారు, ఒక్కోసారి మనలోనూ ఉన్నారు.

అయితే జోరా ఆ ఊరిని స్వర్గంగా చూపించలేదు. ఈ విషయం ఉద్యమ మిత్రులు ముఖ్యంగా గమనించాలి.

1937లో వచ్చిన ఆమె నవల 'దేర్ ఐస్ వర్ వాచింగ్ గాడ్' చదవండి. అందులో జోడీ స్టార్క్స్ అనే మనిషి భార్య జేనీని వెంటబెట్టుకుని ఈటన్‌విల్‌కు వస్తాడు. రాగానే మేయర్ ఎవరని అడుగుతాడు. లేడని తెలిసి తానే అవుతాడు. భూమి కొంటాడు, కొట్టు పెడతాడు, వీధి దీపం వెలిగిస్తాడు. ఊరు బాగుపడుతుంది. ఆ బాగుతోపాటే అందరి ఇళ్లకన్నా పెద్ద తెల్ల ఇల్లు ఒకటి లేస్తుంది. మిగతా ఇళ్లు దాని ముందు పనివాళ్ల కొట్టాల్లా కనబడతాయి. అరుగు మీద మగవాళ్లు ఎన్ని కథలైనా చెప్పొచ్చు, జేనీ మాత్రం మాట్లాడకూడదు. మేయర్ భార్య కాబట్టి తలకు గుడ్డ కట్టుకుని కొట్లో కూర్చోవాలి. 1887లో ఓటు వేసిన 27 మందీ మగవాళ్లేనని ముందే చెప్పాను. ఆడవాళ్లకు అప్పుడు ఓటు లేదు. అణచివేతకు గురైనవాళ్లు తమ ఊరు తాము కట్టుకున్నా, అణచేవాడి నమూనా బుర్రలో ఉండిపోతే దొర మళ్లీ పుడతాడు. ఇది ఒక నల్లజాతి ఆడమనిషి 1937లోనే చెప్పిన హెచ్చరిక. సంఘాల్లో వేదిక మీద ఎవరున్నారు, కింద చాపలు పరిచేది ఎవరు అని మన అక్కచెల్లెళ్లు అడుగుతున్న ప్రశ్న ఇదే.

ఇక బయటి ప్రపంచం ఎలా ఉందో చెప్పాలి. అదే ఆరెంజ్ కౌంటీలో, ఈటన్‌విల్‌కు పడమర వైపు ఓకోయీ అనే ఊరుంది. అక్కడ నల్లవాళ్లకు సొంత ఇళ్లు, తోటలు, చర్చిలు ఉండేవి. 1920 నవంబరు 2, అధ్యక్ష ఎన్నికల రోజు. మోజ్ నార్మన్ అనే నల్లరైతు ఓటు వేయడానికి వెళ్లాడు. వెనక్కి పంపేశారు. ఆ రాత్రి తెల్లమూక నల్లవాళ్ల ఇళ్ల మీద పడింది. జూలై పెర్రీ అనే రైతును పట్టుకుని ఓర్లాండోలో ఉరితీశారు. ఇళ్లు, చర్చిలు తగలబెట్టారు. ఎంతమంది చనిపోయారన్నది ఈనాటికీ ఒక లెక్కకు రాలేదు. బతికినవాళ్లు ఊరొదిలి పారిపోయారు. తర్వాత దశాబ్దాల పాటు ఓకోయీలో నల్లవాళ్లు లేరు. వాళ్లు వదిలి వెళ్లిన భూములు వేరేవాళ్ల చేతికి పోయాయి. ఈ మారణకాండ గురించి కూడా జోరా రాసింది.

ఈ మూడు ఊళ్లను పక్కపక్కన పెట్టండి. మూడూ ఒకే కౌంటీలో ఉన్నాయి. హానిబల్ స్క్వేర్‌లో ఓటు ఉంది, గీత గీసి తీసేశారు. ఓకోయీలో భూమి ఉంది, ఓటు అడిగినందుకు నిప్పు పెట్టి తీసేశారు. ఈటన్‌విల్‌లో సొంత ప్రభుత్వం ఉంది, అది నిలబడింది. అలాగని ఈటన్‌విల్ దగ్గర తీసుకోవడానికి ఏమీ లేదనుకోకండి. అక్కడ తీసుకున్నదానికి నిప్పు అక్కర్లేకపోయింది. ఒక సంతకం సరిపోయింది.

1890ల చివర్లో రస్సెల్ కాల్హౌన్, మేరీ కాల్హౌన్ అనే నల్లజాతి దంపతులు ఈటన్‌విల్‌లో ఒక బడి పెట్టారు. ఇద్దరూ బుకర్ టి. వాషింగ్టన్ నడిపిన టస్కెగీ విద్యాసంస్థలో చదువుకున్నవాళ్లు. కనెటికట్ రాష్ట్రానికి చెందిన ఎడ్వర్డ్ హంగర్‌ఫోర్డ్, చనిపోయిన తన కొడుకు, వైద్యుడు రాబర్ట్ జ్ఞాపకార్థం ఈ బడికి 160 ఎకరాలు ఇచ్చాడు. అలా దానికి రాబర్ట్ హంగర్‌ఫోర్డ్ పారిశ్రామిక పాఠశాల అని పేరొచ్చింది. కాలక్రమంలో భూమి 300 ఎకరాలు దాటింది. ఆలోచించండి, ఊరు మొదలైంది 112 ఎకరాలతో. బడి భూమి దానికి రెండింతల పైన! చదువు చెప్పడం, సేద్యం చేయించడం, వృత్తులు నేర్పడం, దూరం నుంచి వచ్చిన పిల్లలకు వసతి ఇవ్వడం, అన్నీ అక్కడే. పిల్లలకు ప్రభుత్వం సరైన బడి పెట్టని కాలంలో ఆ ఊరికి బడి ఒక్కటే కాదు, ఆస్తి కూడా అదే.

కానీ ఆ భూమి ఊరి పేరు మీద లేదు. ట్రస్టు పేరు మీద ఉంది. 1951లో ఆ ట్రస్టు భూమి మొత్తం ఆరెంజ్ కౌంటీ పాఠశాలల బోర్డు చేతికి పోయింది. సుమారు 300 ఎకరాలకు ముట్టిన సొమ్ము దాదాపు 16,000 డాలర్లు. నల్లజాతి పిల్లల చదువుకే ఈ భూమి వాడాలి అన్నది షరతు. ఆ బోర్డులో ఈటన్‌విల్ మాట చెల్లదు. అది కౌంటీ మొత్తానికి సంబంధించిన బోర్డు. అప్పటికి అక్కడ బడులు జాతి ప్రకారం వేరువేరు, నిర్ణయాలు తెల్లవాళ్లవి.

ఆ తర్వాత జరిగింది నెమ్మదిగా జరిగింది. 1960లలో ఇంటర్‌స్టేట్ 4 రహదారి వచ్చి ఊరిని కోసుకుంటూ పోయింది. బడి భూమి కొంచెం కొంచెంగా వేరే అవసరాలకు, వేరే చేతుల్లోకి వెళ్లి చివరికి సుమారు 100 ఎకరాలు మిగిలింది. 1971లో ఓర్లాండో దగ్గర డిస్నీ వరల్డ్ తెరిచారు. చుట్టుపక్కల నేల ధర పెరుగుతూ పోయింది. 2009లో హంగర్‌ఫోర్డ్ బడి మూసేశారు. 2020లో భవనాలు పడగొట్టారు.

ఇందులో ఒక చేదు విషయం ఉంది. 1954లో అమెరికా సుప్రీంకోర్టు వేరువేరు బడులు చెల్లవని తీర్పు ఇచ్చింది. 1955లో జోరా ఆ తీర్పును తప్పుపడుతూ ఓర్లాండో పత్రికకు ఉత్తరం రాసింది. తెల్లపిల్లల పక్కన కూర్చుంటేనే నల్లపిల్లలకు చదువొస్తుందా అన్నది ఆమె ఆత్మగౌరవ ప్రశ్న. ఆ ఉత్తరాన్ని జాతి వివక్షవాదులు సంబరంగా వాడుకున్నారు. నేను ఆమెతో ఏకీభవించను. వేరు బడి అంటే తక్కువ డబ్బు, తక్కువ పుస్తకాలు, తక్కువ జీతాలు అన్నది దక్షిణాది మొత్తం నిజం. ఈటన్‌విల్ అరుగు మీద పెరిగిన ఆమెకు ఆ నిజం తక్కువగా తగిలింది. పైగా ఆ ఉత్తరం రాసేనాటికి తన ఊరి బడి భూమే తన ఊరి చేతుల్లో లేదు. మనసులోని స్వాతంత్య్రాన్ని అంత గొప్పగా రాసిన రచయిత్రి కాగితం మీది యాజమాన్యం గురించి అంత గట్టిగా రాయలేదు. 1960లో ఫోర్ట్ పియర్స్ పట్టణంలో పేదరికంలో చనిపోయింది. సమాధి మీద పేరు కూడా లేదు. 1973లో రచయిత్రి ఆలిస్ వాకర్ వెతుక్కుంటూ వెళ్లి రాయి పెట్టించింది.

ఊరు మాత్రం చావలేదు. 1987లో కౌంటీ ప్రభుత్వం ఊరి నడిబొడ్డున ఉన్న కెనడీ బులవార్డ్ రోడ్డును ఐదు వరసలకు వెడల్పు చేస్తామంది. ఊరు పుట్టి సరిగ్గా నూరేళ్లు. ఆ రోడ్డు వస్తే ఊళ్లో ఊరు మిగలదు. జనం కూడారు. ఈటన్‌విల్ పరిరక్షణ సంఘం పెట్టుకున్నారు. వాళ్లకు దొరికిన ఆయుధం జోరా. ఆమె పుస్తకాల్లోని ఊరు ఇదేనని దేశానికి చూపించారు. 1990 జనవరి నుంచి ఆమె పేరుతో ఏటా ఉత్సవం మొదలుపెట్టారు. రోడ్డు వెడల్పు ఆగింది. 1998లో ఊరి పాత భాగం జాతీయ చారిత్రక స్థలాల జాబితాలోకి ఎక్కింది. సాహిత్యం వల్ల ఏం ఒరుగుతుంది అని నన్ను అడిగేవాళ్లకు నేను చెప్పే జవాబు ఈ రోడ్డు.

తర్వాత వచ్చింది పెద్ద పోరాటం. మిగిలిన ఆ సుమారు 100 ఎకరాలను పాఠశాలల బోర్డు ఒక రియల్ ఎస్టేట్ కంపెనీకి 1 కోటి 46 లక్షల డాలర్లకు అమ్మడానికి సిద్ధమైంది. ఒకసారి లెక్క చూడండి. 1951లో 300 ఎకరాలకు 16,000 డాలర్లు. ఇప్పుడు అందులో మూడో వంతుకు కోటిన్నర దగ్గర. ఆ భూమిలో ఖరీదైన ఇళ్లు లేస్తే పన్నులు, అద్దెలు పెరిగి పాతకాపులు ఊరొదలాల్సి వస్తుందని జనం భయపడ్డారు. 2023 ఫిబ్రవరిలో పట్టణ కౌన్సిల్ ముందుకు భూ వినియోగం మార్పు ప్రతిపాదన వచ్చింది. హాలు నిండా జనం. కౌన్సిల్ తిరస్కరించింది. మార్చిలో పరిరక్షణ సంఘం కోర్టుకు వెళ్లింది. చదువు కోసం ఇచ్చిన భూమిని అమ్ముకునే హక్కు మీకెక్కడిదని అడిగింది. మార్చి 31న బేరం పడిపోయింది. 2024లో ఒక జాతీయ పరిరక్షణ సంస్థ, దేశంలో అత్యంత ప్రమాదంలో ఉన్న పదకొండు చారిత్రక స్థలాల్లో ఈటన్‌విల్‌ను చేర్చింది.

ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, భూమి 1951లోనే చేజారింది. అయినా 2023లో బేరాన్ని ఆపగలిగారు. ఎలా? భూ వినియోగం మార్చాలంటే పట్టణ కౌన్సిల్ ఓటు కావాలి. ఆ కౌన్సిల్ 1887లో 27 మంది పెట్టుకున్నది. తాతలు సంపాదించిన అధికారం మనవళ్లకు అడ్డుపడే శక్తి ఇచ్చింది. కానీ అడ్డుపడటం వేరు, అనుభవించడం వేరు. తమ బడి భూమిలో ఏం కట్టాలో నిర్ణయించే హక్కు మాత్రం ఆ కౌన్సిల్ ఓటుతో తిరిగి రాలేదు.

కులం, జాతి ఒకటి కాదు. ఈటన్‌విల్‌ను ఎత్తి మన దగ్గర దించలేం. కానీ విద్యార్థులు అడిగిన ప్రశ్నకు ఆ ఊరు ఒక జవాబు ఇస్తోంది. 1942లో అంబేడ్కర్ వేరే గ్రామాలు అన్నప్పుడు కేవలం దూరం జరగమనలేదు. 1947లో రాజ్యాంగ సభ కోసం రాసిన 'రాష్ట్రాలు – మైనారిటీలు' పత్రం తీయండి. ప్రభుత్వ బంజరు భూములను ఆ గ్రామాల కోసం కేటాయించాలని, అవసరమైతే ప్రైవేటు భూములు కొనాలని, ఆ పనికి ఒక కమిషన్, ఏటా నిధులు ఉండాలని రాశారు. అంటే ఆయన అడిగింది ఇళ్ల స్థలాలు కాదు, ఆర్థిక పునాది ఉన్న ఊళ్లు. మనకు వచ్చినవి కాలనీలు. మూడు సెంట్ల స్థలం, పేరు మాత్రం అంబేడ్కర్ నగర్.

1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగ బిడ్డలను చంపాక, బతికినవాళ్లు చీరాల వెళ్లి మళ్లీ ఆ ఊరు తొక్కమన్నారు. అది మన చరిత్రలో గొప్ప నిర్ణయం. కానీ ఊరు వదిలినవాళ్లకు ఇంటితోపాటు సాగు భూమి, ఉపాధి, పిల్లల చదువు ఎంతవరకు దక్కాయి అన్న ప్రశ్న దగ్గర మనం ఎక్కువసేపు నిలబడలేదు. మా వాడలో డి-ఫారం పట్టాలు ఉన్న కుటుంబాలను అడిగితే కాగితం చూపిస్తారు. భూమి చూపించమంటే వేలు దూరంగా ఎటో చూపిస్తారు. 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం ఉండగానే ఆ భూములు చేతులు మారాయి.

కాబట్టి నా జవాబు ఇది. సొంత ఊరు కావాలి. ఈటన్‌విల్ పిల్ల పదమూడేళ్లు పొందిన ఆ తల ఎత్తుకునే బాల్యం మన పిల్లలకూ కావాలి. కానీ పేరు, బోర్డు, సర్పంచి పదవితో ఊరు అయిపోదు. దానికింద ఉన్న నేల ఎవరి పేరు మీద ఉంది, దాన్ని అమ్మే సంతకం ఎవరిది, ఆ సంతకం పెట్టే బల్ల దగ్గర మనవాళ్లు, మన ఆడవాళ్లు ఉన్నారా అన్నవి తేలాకే అది మన ఊరు.

విద్యార్థి మిత్రులకు ఒక పని. ఈ సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు మీ వాడ బడి, చర్చి, కమ్యూనిటీ హాలు, శ్మశానం ఉన్న స్థలాల సర్వే నెంబర్లు కనుక్కోండి. రికార్డులో ఎవరి పేరు ఉందో రాసుకోండి. ముసలివాళ్లను కూర్చోబెట్టి ఆ స్థలం ఎలా వచ్చిందో అడిగి రికార్డు చేయండి. జోరా 1927లో నోట్‌బుక్ పట్టుకుని సొంత ఊరికి వెళ్లినట్టే వెళ్లండి. అరవై ఏళ్ల తర్వాత రోడ్డు వేసేవాడు వచ్చినప్పుడు ఆ ఊరిని కాపాడినవాటిలో ఆ నోట్‌బుక్ ఒకటి.

వచ్చే భాగంలో 'రాష్ట్రాలు – మైనారిటీలు' పత్రంలోని భూమి ప్రతిపాదనను వివరంగా చదువుదాం.

జై భీమ్.